స్టేట్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ: రూల్స్‌కి నాలుగున్నర, అమలుకి రెండున్నర

ఎంఎస్సీ ఫైనలియర్ పిల్లలు, నెట్ (పీహెచ్‌డీకి, లెక్చరర్ అర్హతకి పెట్టే జాతీయ పరీక్ష) కొట్టిన తమ్ముళ్లు చెల్లెళ్లు ఈ మధ్య మెసేజ్ చేసి ఒకటే అడుగుతున్నారు, మీ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ ఎలా ఉంటుంది, చేరొచ్చా అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాస్తే పదిమందికి పనికొస్తుందని రాస్తున్నా. యూనివర్సిటీ పేరు చెప్పను, ఆంధ్రాలో ఒక స్టేట్ యూనివర్సిటీ, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్, ఆర్గానిక్ సింథసిస్ ల్యాబ్, అంతవరకు చాలు. నాకు వైవా కూడా అయిపోయింది కాబట్టి అడ్మిషన్ నుంచి డిగ్రీ దాకా మొత్తం చూశాకే చెప్తున్నా.

ఓవరాల్‌గా 5కి మూడున్నర. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పెట్టిన రూల్స్‌కి నాలుగున్నర ఇస్తా, నిజంగా బాగున్నాయి, స్కాలర్‌ని కాపాడేలా రాశారు. వాటిని డిపార్ట్‌మెంట్ నడిపించే తీరుకి రెండున్నర, ఎందుకంటే ఆ రూల్స్‌లో మనకి ఉపయోగపడేవి ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు, తెలుసుకుని కాగితం మీద అడిగినవాళ్లకే దక్కుతాయి. మనల్ని బిగించే రూల్స్ మాత్రం నోటీస్ బోర్డు మీద మొదటిరోజు నుంచే ఉంటాయి.

ఇప్పుడు నడుస్తున్నవి 2022 నవంబర్ 7న గెజిట్‌లో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ రెగ్యులేషన్స్. అంతకుముందు 2016వి ఉండేవి, సీనియర్లు చెప్పే సగం మాటలు ఆ పాతవాటి నుంచే వస్తాయి కాబట్టి ఎవరైనా "అలా రూల్ ఉందమ్మా" అంటే ఏ సంవత్సరంది సార్ అని అడగండి, మర్యాదగానే అడగండి కానీ అడగండి.

అడ్మిషన్ గురించి ఎక్కువ చెప్పను. ఎంఎస్సీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వాళ్లకి 5 శాతం సడలింపు. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పై మార్కులు వచ్చినవాళ్లకి ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంటే ఇంటర్వ్యూతో సరిపోతుంది. 2024 జూన్ నెట్ నుంచి మూడు కేటగిరీలు చేశారు కదా, అందులో జేఆర్‌ఎఫ్ రాకుండా మిగతా రెండింట్లో క్వాలిఫై అయినవాళ్లకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజ్, ఆ మార్కులు ఒక్క ఏడాదే చెల్లుతాయి. మన స్టేట్ యూనివర్సిటీల్లో నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలీదు కాబట్టి ఆ ఏడాది ఊరికే కరిగిపోయే ప్రమాదం ఉంది, అందుకే ఒకే యూనివర్సిటీని నమ్ముకుని కూర్చోవద్దు.

గైడ్ విషయంలో మాత్రం ఆగి ఆలోచించండి. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు, అంతకంటే ఎక్కువమంది స్కాలర్స్ ఒకేసారి ఉండకూడదు. అది అందరికీ తెలుసు. ఎక్కువమందికి తెలియనిది ఇంకోటుంది, రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపు సర్వీస్ ఉన్నవాళ్లు కొత్త స్కాలర్‌ని తీసుకోకూడదు. ఇప్పటికే చేర్చుకున్నవాళ్లని రిటైర్ అయ్యేదాకా గైడ్‌గా, ఆ తర్వాత 70 ఏళ్లు వచ్చేదాకా కో-గైడ్‌గా చూడొచ్చు. మా లాంటి చోట్ల పోస్టులు భర్తీ కాక ఖాళీలు పేరుకుపోయి ఉన్నవాళ్లలో చాలామంది రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డవాళ్లే, మూడేళ్ల పైన నాలుగు నెలలు మిగిలున్నా రూల్ ప్రకారం సీటు ఇచ్చేస్తారు, కానీ మీ థీసిస్ అయ్యేసరికి సార్ డిపార్ట్‌మెంట్‌లో ఉండరు, ల్యాబ్ తాళాలు వేరేవాళ్ల చేతికి వెళ్తాయి, కెమికల్స్ ఇండెంట్ మీద సంతకం ఎవరు పెట్టాలో తేలదు. మా పక్క ల్యాబ్‌లో ఒక అన్నకి సరిగ్గా ఇదే జరిగింది, కొత్త గైడ్ పేరు ఆర్డర్ వచ్చేలోపు ఆయన పని పూర్తిగా ఆగిపోయింది. కాబట్టి ఇంటర్వ్యూకి ముందే సార్‌కి ఎన్నేళ్ల సర్వీస్ ఉందో కనుక్కోండి, ఇందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు.

కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో రీసెర్చ్ మెథడాలజీ, రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ తప్పనిసరి, 55 శాతం రాకపోతే ముందుకి పోనివ్వరు. ఎథిక్స్ పేపర్ మాకు చెప్పిన మేడమ్ చాలా శ్రద్ధగా చెప్పారు, ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం తేల్చే పరీక్ష) స్పెక్ట్రమ్‌లో ఇంప్యూరిటీ పీక్‌ని చెరిపేసి పేపర్‌తో పాటు ఇచ్చే సప్లిమెంటరీ డేటాలో పెడితే అది డేటా తారుమారు కిందకే వస్తుందని స్క్రీన్ మీద చూపించి మరీ చెప్పారు, ఆ క్లాస్‌కి ఐదుకి ఐదు. మిగతావి ఎంఎస్సీ నోట్సే మళ్లీ.

ఇక అసలు సంగతికి వస్తా, ఆర్‌ఏసీ. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ, కొన్నిచోట్ల ఇంకా డీఆర్‌సీ అనే అంటారు. ప్రతి సెమిస్టర్‌కి ఒకసారి కమిటీ ముందు మన పని ప్రెజెంట్ చేయాలి, వాళ్లు ప్రోగ్రెస్ రిపోర్ట్ రాసి యూనివర్సిటీకి పంపాలి, దాని కాపీ ఒకటి స్కాలర్‌కి ఇవ్వాలి. ప్రోగ్రెస్ బాగోలేదని అంటే ఎందుకు బాగోలేదో రాయాలి, ఏం చేస్తే బాగుపడుతుందో కూడా రాయాలి, అవి రాయకుండా నీ రిజిస్ట్రేషన్ తీసేస్తాం అని నోటిమాటగా బెదిరించడానికి లేదు. మొత్తం పీహెచ్‌డీ రూల్స్‌లో స్కాలర్‌కి ఇంతకంటే బలమైనది ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం.

మా దగ్గర ఇది రెండు రకాలుగా జరుగుతుంది. ఒకరకం, అటెండర్ చేతికి ఫామ్ ఇచ్చి మెంబర్ల రూములు తిప్పి సంతకాలు పెట్టించడం, పావుగంటలో అయిపోతుంది, "ప్రోగ్రెస్ సాటిస్‌ఫ్యాక్టరీ" అని ఒక్క లైన్. ఇంకోరకం, నిజంగా కూర్చుని వినడం. నాకు ఒకసారి ఆ రెండో రకం జరిగింది. ఒక న్యాచురల్ ప్రొడక్ట్ స్కెలిటన్ మీద పనిచేస్తున్నా, తొమ్మిది స్టెప్పుల రూట్, అయిదో స్టెప్‌లో రింగ్ క్లోజ్ అవ్వాలి. అక్కడ 18 శాతం ఈల్డ్ (రావాల్సిన దాంట్లో చేతికొచ్చేది) దాటట్లేదు, సాల్వెంట్ మార్చా, బేస్ మార్చా, టెంపరేచర్ మైనస్‌కి దించా, టీఎల్‌సీ (రియాక్షన్‌లో ఏం తయారైందో చూసే చిన్న ప్లేట్) మీద ఎప్పుడూ అదే కథ, పైన మన స్పాట్ సన్నగా, కింద బేస్‌లైన్ దగ్గర గోధుమరంగు చార. మా గైడ్ గారు మంచివారే కానీ ఆ రూట్ ఆయన స్వయంగా గీసింది, దాన్ని వదలడానికి ఆయనకి మనసు ఒప్పదు. ఆ రోజు ప్రెజెంటేషన్‌లో ఫిజికల్ కెమిస్ట్రీ మేడమ్ ఒకరు మెంబర్, ఆర్గానిక్ కాదు అయినా ఆవిడే అడిగారు, "బాబూ, అయిదో స్టెప్‌లో ఇంత తగ్గిపోతుంటే తొమ్మిదో స్టెప్‌కి నీ చేతిలో ఎన్ని మిల్లీగ్రాములు మిగులుతాయి, లెక్క వేశావా?" అని. బోర్డు మీద వేయించారు. పది గ్రాములతో మొదలుపెట్టినా చివరికి ఒక ఎన్ఎంఆర్ ట్యూబ్‌కి కూడా బొటాబొటీగా వచ్చేలా ఉంది. ఇంకో మెంబర్ సార్, రింగ్ క్లోజ్ చేశాక కాకుండా ముందే ఆ గ్రూప్‌ని ప్రొటెక్ట్ చేసి వేరే దారి చూడమన్నారు. అది మినిట్స్‌లో రాశారు, "రూట్ మార్చవలెను" అని. కాగితం మీదకి ఎక్కాక మా గైడ్ గారికి కూడా ఇబ్బంది లేకపోయింది, కమిటీ చెప్పింది కదా చేద్దాం అన్నారు. అదే సంతకాల రకం ఆర్‌ఏసీ అయ్యుంటే నేను ఇంకా ఆ గోధుమరంగు చారలు చూస్తూ ఉండేవాణ్ణి.

అందుకే నన్ను అడిగేవాళ్లకి చెప్పేది ఇదే, డిపార్ట్‌మెంట్ బిల్డింగ్ చూడకండి, ర్యాంకింగ్ చూడకండి, అక్కడున్న సెకండ్ ఇయర్ స్కాలర్‌ని పట్టుకుని "ఆర్‌ఏసీ నిజంగా కూర్చుంటుందా అన్నా, మినిట్స్ కాపీ చేతికి ఇస్తారా" అని అడగండి. కూర్చుంటుంది అంటే మిగతావి ఎలాగోలా సర్దుకుంటాయి. మా దగ్గర మొదట్లో కాపీ ఇచ్చే అలవాటు లేదు, నేను హెచ్‌ఓడీ గారికి లెటర్ పెట్టి తీసుకున్నా, ఆ తర్వాత మా బ్యాచ్ అందరం పెట్టాం, ఇప్పుడు అడగకుండానే మెయిల్‌లో వస్తోంది. డిపార్ట్‌మెంట్‌ని మెచ్చుకోవాల్సిన విషయం ఇది, అడిగితే కాదనలేదు.

టీచింగ్ డ్యూటీ దగ్గర నాకు బాగా కోపం ఉంది. రెగ్యులేషన్స్‌లో ఏముందంటే స్కాలర్‌కి వారానికి 4 నుంచి 6 గంటలు టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ అప్పగించొచ్చు, ట్యుటోరియల్, ల్యాబ్, వాల్యుయేషన్ లాంటివి. న్యాయమైన రూల్, ఎంఎస్సీ పిల్లలకి ప్రాక్టికల్స్ చెప్తే మనకీ సబ్జెక్ట్ మీద పట్టు వస్తుంది, నాకు ఆ గంటలు ఇష్టమే. కానీ లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉన్నచోట ఆ 4-6 గంటలు ఎక్కడ ఆగుతాయి చెప్పండి. మధ్యాహ్నాలన్నీ ప్రాక్టికల్స్, ఆపైన ఇంటర్నల్స్ ఇన్విజిలేషన్, ఆపైన న్యాక్ (యూనివర్సిటీకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) టీమ్ వస్తుందంటే ఫైళ్లు. ఆ న్యాక్ రోజుల్లో రియాక్షన్లు ఆపేసి మేమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని పాత సెమినార్ల ఫోటోలు, అటెండెన్స్ షీట్లు స్కాన్ చేశాం, అది టీచింగూ కాదు రీసెర్చూ కాదు. దీని మీద లిఖితపూర్వకంగా గంటల లెక్క రాసే రిజిస్టర్ ఒకటి ఉండాలి, మా దగ్గర లేదు. చేరేవాళ్లు మొదటి సెమిస్టర్ నుంచే మీ గంటలు మీ ల్యాబ్ నోట్‌బుక్ చివర్లో తేదీలతో రాసుకోండి, ఎక్స్‌టెన్షన్ అడగాల్సి వచ్చినప్పుడు అదే పనికొస్తుంది.

ఎక్స్‌టెన్షన్ అంటే గుర్తొచ్చింది, టైమ్ లిమిట్. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, మొత్తం ఎనిమిది. మహిళలకి, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకి ఇంకో రెండేళ్లు, అంటే పది దాకా. మహిళా స్కాలర్లకి మొత్తం పీహెచ్‌డీలో 240 రోజుల వరకు మెటర్నిటీ లేదా చైల్డ్ కేర్ లీవ్ ఉంటుంది. మా ల్యాబ్‌లో అక్క ప్రెగ్నెంట్ అయినప్పుడు ఆఫీసులో "లీవ్ అయితే అటెండెన్స్ ఉండదు, రిజిస్ట్రేషన్ బ్రేక్ అవుతుంది" అని భయపెట్టారు. ఆ అక్క రెగ్యులేషన్ ప్రింట్ తీసి ఆ పేరా కింద గీత గీసి అప్లికేషన్‌కి జతచేసి పెట్టింది, వారంలో ఆర్డర్ వచ్చింది. సింథసిస్ ల్యాబ్‌లో అయితే ఇది లీవ్ సమస్య మాత్రమే కాదు, బెంజీన్, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్ల మధ్య గర్భంతో నిలబెట్టి కాలమ్ (సాల్వెంట్లతో పదార్థాల్ని వేరుచేసే పని) వేయించకూడదు, దీనికి డిపార్ట్‌మెంట్ దగ్గర రాసిపెట్టిన పాలసీ అంటూ ఏదీ లేదు, మా గైడ్ గారు ఆలోచించి ఆమెకి ఆ నెలల్లో రైటింగ్ వర్క్ ఇచ్చారు కాబట్టి సరిపోయింది. పెళ్లయ్యో మరే కారణంతోనో ఊరు మారాల్సి వచ్చిన మహిళా స్కాలర్ తన రీసెర్చ్ డేటా కొత్త యూనివర్సిటీకి తీసుకెళ్లొచ్చు అని కూడా రూల్ ఉంది, పాత గైడ్‌కీ పాత యూనివర్సిటీకీ క్రెడిట్ ఇస్తే చాలు, కాకపోతే ఫండింగ్ ఏజెన్సీ ప్రాజెక్ట్‌లో భాగమైన పని అయి ఉండకూడదు. మా కాలేజీ ఫ్రెండ్స్‌లో పెళ్లయి పీహెచ్‌డీ మానేసినవాళ్లు ఉన్నారు, వాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పలేదంటే బాధేస్తుంది.

డబ్బు సంగతి. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000, హాస్టల్ ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌ఏ. మొత్తం ఐదేళ్లు. అది కూడా యూనివర్సిటీ వైపు నుంచి నెలనెలా కన్ఫర్మేషన్ వెళ్తేనే పడుతుంది, ఆ సీట్లో మనిషి లీవ్‌లో ఉంటే నెలలు ఆగుతుంది, ఆగి ఒకేసారి పడతాయి. మా క్లర్క్ గారు మంచివారు, ప్రతి నెలా మొదటివారంలో వాట్సాప్‌లో గుర్తుచేస్తే చేసేసేవారు, గుర్తుచేయడం మన డ్యూటీ అనుకోండి. జేఆర్‌ఎఫ్ రూల్ ప్రకారం ఏడాదికి 30 రోజుల సెలవు, పబ్లిక్ హాలిడేస్ కాకుండా, దసరా సంక్రాంతి వెకేషన్లు మనకి లేవు.

ఐదేళ్ల ఫెలోషిప్‌కీ ఆరేళ్ల పీహెచ్‌డీకీ మధ్య ఆ ఏడాది ఎలా బతకాలో ఏ రూల్‌లోనూ లేదు. మొత్తానికే ఫెలోషిప్ లేనివాళ్ల పరిస్థితి ఇంకా కష్టం, సెంట్రల్ యూనివర్సిటీలో నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకి 8,000 అయినా వస్తాయి, అది కూడా 2012లో పెట్టినది, స్టేట్ యూనివర్సిటీలో అదీ ఉండదు. మా సీనియర్ ఒకాయన పొద్దున జూనియర్ కాలేజీలో క్లాసులు చెప్పి మధ్యాహ్నం ల్యాబ్‌కి వచ్చేవాడు, చాలా తెలివైనవాడు, ఆయనకి పట్టిన టైమ్‌లో సగం ఆ బస్సుల్లోనే పోయింది.

ఇన్‌స్ట్రుమెంట్లు, సేఫ్టీ కలిపి ఒకటిన్నర ఇస్తా. ఎన్ఎంఆర్ ఉంది, పనిచేసిన రోజులు తక్కువ, శాంపిల్స్ బయటికి పంపాలి. ఐఐటీల్లో ఉన్న సైఫ్ సెంటర్లు (పెద్ద ఇన్‌స్ట్రుమెంట్లు అందరికీ వాడుకోనిచ్చేవి), ఐ-స్టెమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఉన్న ల్యాబ్‌లు అన్నీ బయటి స్కాలర్లకి ఓపెనే, స్టూడెంట్ రేటు వేరే ఉంటుంది, చేరిన మొదటి నెలలోనే రిజిస్టర్ అయిపోండి. ఫ్యూమ్ హుడ్‌లలో (విషవాయువుల్ని బయటికి లాగే గూళ్లు) గాలి లాగేవి ఏవో లాగనివి ఏవో ఒక టిష్యూ పేపర్ ముక్క పట్టుకుని మీరే చూసుకోండి, లాగని హుడ్‌లో బ్రోమిన్ తీయొద్దు, ఎవరు చెప్పినా తీయొద్దు. కొత్తవాళ్లకి ఒక గంట సేఫ్టీ క్లాస్ కూడా లేని డిపార్ట్‌మెంట్‌లో కోర్స్‌వర్క్‌కి 12 క్రెడిట్లు ఉండటం నాకు అస్సలు నచ్చని విషయం.

పేపర్ పబ్లికేషన్ గురించి చాలా గందరగోళం ఉంది. 2016 రూల్స్‌లో థీసిస్ ముందు ఒక జర్నల్ పేపర్, రెండు కాన్ఫరెన్స్ ప్రెజెంటేషన్లు తప్పనిసరి, 2022లో యూజీసీ అది తీసేసింది. కానీ యూనివర్సిటీ సొంత ఆర్డినెన్స్‌లో ఉంచుకోవచ్చు, మా దగ్గర ఉంచుకున్నారు. మంచిదే, కెమిస్ట్రీలో పేపర్ లేకుండా పోస్ట్‌డాక్ ఎవరు ఇస్తారు. ఇబ్బంది ఎక్కడంటే యూజీసీ కేర్ లిస్ట్‌ని (యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా) 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, మా నోటీస్ మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం కేర్ జర్నల్ అనే అడిగింది, డబ్బు కట్టించుకుని వారంలో వేసేసే జర్నల్స్ వైపు పిల్లల్ని తోసేది ఇలాంటి నోటీసులే.

చివరి దశ. ప్రీ-సబ్మిషన్ సెమినార్ అందరి ముందు, ఆ తర్వాత ప్లేజరిజం చెక్, అంటే వేరేచోటి రాతతో థీసిస్ ఎంత శాతం కలుస్తుందో చూడటం. 2018 యూజీసీ రూల్ ప్రకారం 10 శాతం లోపు సమస్య లేదు, 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది దాకా ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. థీసిస్‌ని గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు చూస్తారు, వైవా ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు, థీసిస్ ఇచ్చిన దగ్గర్నుంచి వైవా రిజల్ట్ దాకా మొత్తం ఆరు నెలల్లో అవ్వాలి. ఆరు నెలల మాట మా ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కి చేరినట్టు లేదు, నాకు అంతకంటే బాగా ఎక్కువే పట్టింది, ఒక ఎగ్జామినర్ రిపోర్ట్ వచ్చి ఫైల్‌లో ఉన్నా రెండో ఆయనకి రిమైండర్ పంపలేదు. నేను రూల్ నంబర్ రాసి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇన్‌వార్డ్ వేయించాక కదిలింది. ఇన్‌వార్డ్ స్టాంప్ పడ్డ కాపీ లేకుండా ఏ లెటరూ ఇవ్వకండి.

నో డ్యూస్ (బాకీలేమీ లేవనే కాగితం) కోసం లైబ్రరీ, హాస్టల్, స్టోర్స్ తిరగాలి, స్టోర్స్‌లో గ్లాస్‌వేర్ బ్రేకేజ్ రిజిస్టర్ తీస్తారు, అయిదేళ్ల కిందట సీనియర్ పగలగొట్టిన డీన్-స్టార్క్ గ్లాస్‌వేర్ మన పేరు మీద ఉండొచ్చు, చేరినప్పుడే ల్యాబ్‌లో ఉన్నవి లెక్కపెట్టి సంతకం పెట్టించుకోండి.

చేరొచ్చా అంటే, జేఆర్‌ఎఫ్ చేతిలో ఉండి, గైడ్‌కి కనీసం ఆరేళ్ల సర్వీస్ ఉండి, ఆ ల్యాబ్ స్కాలర్లు ఆర్‌ఏసీ నిజంగా జరుగుతుందని చెప్తే నిస్సందేహంగా చేరండి, మా డిపార్ట్‌మెంట్‌లో చెప్పేవాళ్లు ఉన్నారు, కెమిస్ట్రీ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఉన్నారు, నేను నేర్చుకున్నది తక్కువేమీ కాదు. ఫెలోషిప్ లేకుండా అయితే ఒక ఏడాది ఆగి మళ్లీ నెట్ రాయండి అనే చెప్తా, ఇంట్లో వాళ్లు తొందరపెట్టినా సరే. చేరేముందు యూనివర్సిటీ పీహెచ్‌డీ ఆర్డినెన్స్ కాపీ అడగండి, డిపార్ట్‌మెంట్ ఆఫీసులో లేదంటారు, అకడమిక్ సెక్షన్‌లో ఉంటుంది, అక్కడా లేదంటే ఆర్‌టీఐ కింద 10 రూపాయల ఫీజుతో అప్లికేషన్ పెట్టండి, 30 రోజుల్లో ఇవ్వాలి.